పొగ చెప్పిన పగ

శవం ఇంకా వేడిగానే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. దేవరాపల్లి రోడ్డు. చోడవరానికి ఇంకా ఆరు కిలోమీటర్లు. పది టైర్ల లారీ, నిండా చెరకు. ముందు జాలీలోంచి బుస్సుమని తెల్లటి ఆవిరి. ఇంజను ఒక్కసారి ఎగశ్వాస పీల్చి, కటక్కుమని ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే మూలిగింది. అంతే.

ఒంటిగంటా ఐదుకి హెడ్ కానిస్టేబుల్ గణపతిరావు మోటారు సైకిలు దిగాడు.

యాభై రెండేళ్లు. ముందు పొట్ట వస్తుంది, వెనక మనిషి వస్తాడు. పదిహేనేళ్లు పోలీసు ట్రాన్స్‌పోర్టు షెడ్డులో జీపులకి వైద్యం చేసి, ఆ తర్వాత మనుషుల మీద పడ్డాడు. ఆయన లెక్కలో రెండూ ఒకటే ఉద్యోగం. షెడ్డుకొచ్చినా కంప్లైంటే, స్టేషనుకొచ్చినా కంప్లైంటే. రెండు చోట్లా అసలు రోగం ఒకటి, చెప్పేది ఇంకొకటి.

గట్టు మీద డ్రైవరు బంగార్రాజు కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టిన చేతులు. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఏటయింది బంగార్రాజూ?"

"జామైపోయింది సార్. హెడ్డు కూడా పోయినట్టుంది."

"హెడ్డు నీ ఎదురుగానే ఉన్నాడు. కంగారు పడకు."

బంగార్రాజు నవ్వలేదు. గణపతిరావు జోకుకి నవ్వనివాడు రెండు రకాలు. ఒకడు నేరం చేసినవాడు. రెండోవాడు మీద పడబోయే నేరం కనిపిస్తున్నవాడు. ఇతనే రకమో తేలాలి.

తేలకముందే తెల్లకారొకటి వచ్చి ఆగింది. లారీ ఓనరు గోవిందరావు దూకినట్టు దిగాడు. వెనక అతని బావమరిది సంతోష్‌కుమార్.

గోవిందరావు క్లీనరుగా మొదలెట్టి ఓనరయిన మనిషి. రెండు లారీలు, ఒక కారు, ఊరి చివర ఒక యార్డు. అన్నీ మారాయి గానీ భుజం మీద నీలిగళ్ల తువ్వాలు మారలేదు. అది క్లీనరు రోజులనాటి అలవాటు. మొహం తుడిచినా దాంతోనే, అద్దం తుడిచినా దాంతోనే.

వచ్చీరాగానే బంగార్రాజు కాలరు పట్టుకున్నాడు.

"సంపేసేవు కదరా! పగబట్టి నా బండిని సంపేసేవు కదరా!"

గణపతిరావు పొట్ట అడ్డం పెట్టాడు. "గోవిందరావు గారూ, ముందు పోస్టుమార్టం. కర్మకాండ తర్వాత."

"పోస్టుమార్టం దేనికండీ? వీణ్ణి లోపలెయ్యండి!"

ఇంజను సీజయింది. లారీని పోలీసులు సీజ్ చేశారు. ఒకే రోజు ఒకే బండి రెండుసార్లు సీజవడం తన సర్వీసులో మొదటిసారని గణపతిరావు నోటుబుక్కులో రాసుకున్నాడు.

*

రెండూ పది. చోడవరం పోలీస్ స్టేషన్.

ఎస్.ఐ. ప్రత్యూషకి ఇరవై ఎనిమిదేళ్లు. ప్రశ్నలు టకటకా అడుగుతుంది. జవాబు పూర్తయ్యేలోపు రెండో ప్రశ్న వచ్చేస్తుంది.

"డ్రైవరే చేశాడని ఎలా చెప్తున్నారు?"

గోవిందరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "నిన్న సాయంత్రం యార్డులో అందరి ముందూ వీణ్ణి రెండు తగిలించేను మేడమ్. 'ఈ బండి నీకు దక్కదు బాబూ' అన్నాడు. పదిమంది విన్నారు."

"ఏం పాడుచేశాడు?"

"ఫ్యాన్ క్లచ్చు. ఆవిరి కక్కుకుని జామయిందంటే ఫ్యాన్ తిరగలేదనే కదా. ఏ క్లీనరు గుంటణ్ణడిగినా సెప్తాడు."

"ఈ రోజు పొద్దున్న ఫ్యాన్ బాగుందా?"

"విమానంలా హోరెత్తింది! ఆరూ నలభైకి యార్డులో బండి తీసేడు. నానక్కడే నిలబడున్నాను."

"మరి పాడయింది ఎప్పుడు?"

"దేవరాపల్లి దగ్గిర చేలో. ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా లోడింగు. మూడు గంటలు బండి దగ్గిర వీడొక్కడే."

"మీరు ఈ మధ్య ఆ ఇంజనుకి ఏమైనా రిపేరు చేశారా?"

"నెల్లాళ్లయింది దానిమీద చెయ్యేసి."

"రాత్రి యార్డు తాళం ఎవరి దగ్గర?"

"నా మొలతాడుకే ఉంటాది. ఇంకెవడికీ ఇవ్వను."

ప్రత్యూష అన్నీ రాయించింది. గోవిందరావు సంతకం పెట్టాడు. సంతకం కింద గీత కూడా గీశాడు.

అతను బయటికెళ్లాక ఆవిడ పెన్ను మూసింది. "రావుగారూ, ఈ బంగార్రాజే కదా గున్నమ్మ కేసులో సాక్షి?"

అతనే. నాలుగు నెలల కిందట రావికమతం రోడ్డులో గోవిందరావు రెండో లారీ చెరకు కూలీ గున్నమ్మ కాలు మీదుగా వెళ్లింది. మోకాలి దాకా తీసేశారు. నడిపింది సంతోష్‌కుమార్. లైసెన్సు లేదు. పక్క సీట్లో బంగార్రాజు. నేనే నడిపానని ఒప్పేసుకోమని బంగార్రాజుతో అన్నాడు గోవిందరావు. ఓనరు ఇంటివాళ్ల తప్పు డ్రైవరు తనమీద వేసుకోవడం లారీల లోకంలో మామూలే. బంగార్రాజు వేసుకోలేదు. ఉన్నదున్నట్టు స్టేట్‌మెంటు ఇచ్చాడు. వచ్చే బుధవారం కోర్టులో చెప్పాలి.

"అయినా పనిలోంచి తియ్యలేదు. గోవిందరావుది పెద్ద మనసని ఊరంతా అనుకుంది" అంది ప్రత్యూష.

"తీసేస్తే చేతికందకుండా పోతాడు మేడమ్. ఉంచుకుంటే చేతికింద ఉంటాడు."

"అది మీ ఊహ. బెదిరించాడనడానికి పదిమంది సాక్షులున్నారు. రేపు పదకొండుకి బంగార్రాజుని కోర్టులో పెట్టాలి. ఒకసారి పెడితే బుధవారం అతని సాక్ష్యానికి విలువుండదు. పగతో చెప్తున్నాడంటారు."

గణపతిరావు టోపీ సర్దుకున్నాడు. సాక్షి బోనెక్కాల్సినవాడు ముద్దాయి బోనెక్కుతాడు. బోనెక్కించినవాడు కారెక్కి ఇంటికెళ్తాడు. ఎవడిదో గానీ, లెక్క మాత్రం చక్కగా కుదిరింది.

మరీ చక్కగా కుదిరింది.

*

మూడున్నర. లారీని లాక్కొచ్చి స్టేషను వెనక నిలబెట్టారు. చెరకు వేరే బండికెక్కించారు. అనకాపల్లి రోడ్డులో షెడ్డున్న మెకానిక్ ఉమామహేష్ వచ్చాడు. వచ్చినప్పట్నుంచీ చెమట్లు. మొన్న బుధవారం ఈ బండికి బ్రేకులు బిగించింది అతనే.

"నామీద అనుమానమా సార్?"

"నీమీద గ్రీజు తప్ప ఇంకేం లేదు. పని చూడు."

ఉమామహేష్ ఇంజనుకీ రేడియేటరుకీ మధ్య చెయ్యి దూర్చాడు. ఫ్యాన్ రెక్క పట్టుకుని ఒక్క తోపు తోశాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది. తిరిగింది. ఇంకా తిరుగుతోంది. సైకిలు చక్రంలా.

"ఇలా తిరక్కూడదు సార్. బతికున్న క్లచ్చయితే చేత్తో తోసినా పావు చుట్టుకే పట్టేసి ఆగిపోవాలి. ఇందులో ఆయిల్లేదు."

"మేడమ్‌కి అర్థమయ్యేలా చెప్పు."

ఉమామహేష్ ఫ్యాన్ మధ్యలో పళ్లెమంత డబ్బాని చూపించాడు. "ఇదీ ఫ్యాన్ క్లచ్చు. లోపల తేనెలాగ సిలికాన్ ఆయిలుంటాది. ఇంజను సల్లగా ఉంటే ఫ్యాన్ బద్ధకంగా తిరుగుతాది. రేడియేటరు వేడిగాలి తగిలితే ముందున్న రేకు మెలి తిరిగి లోపల దారి తెరుచుకుంటాది. ఆయిలు పాకి ఫ్యాన్ని గట్టిగా పట్టుకుంటాది. అప్పుడు హోరు."

"చల్లగా ఉన్నప్పుడు హోరే ఉండదా?" అంది ప్రత్యూష.

"ఒక్కసారుంటాది మేడమ్. రాత్రంతా నిలబడిన బండిలో ఆయిలు కిందికి జారిపోయుంటాది కదా. పొద్దున్న స్టార్ట్ కొట్టగానే ఒక నిమిషం హోరుమని, తర్వాత సర్దుకుంటాది. మా ఆవిడ కూడా అంతే. లేవగానే ఒక నిమిషం."

గణపతిరావు ఆ మాట మెచ్చుకుని, టార్చి క్లచ్చు మీద వేశాడు. డబ్బా అంచున సూది దూరేంత రంధ్రం. చుట్టూ లోహం మిలమిలలాడుతోంది. కొత్త గాయం.

"అరుగుదల కాదు. డ్రిల్లు బిట్టుతో పొడిచేరు" అన్నాడు ఉమామహేష్. వేలికి అంటిన జిడ్డు ప్యాంటుకి తుడుచుకుని నిట్టూర్చాడు. "ఈ ప్యాంటు పోయింది. సిలికాన్ సబ్బుకి లొంగదు సార్. తడి కూడా అంటదు దానికి. నీళ్లు పోస్తే చేమాకు మీద పోసినట్టు జారిపోతాయి."

"చేలో కరెంటుంటుందా డ్రిల్లు ఆడించడానికి?"

"బ్యాటరీ డ్రిల్లులు కూడా ఉంటాయి కదా" అంది ప్రత్యూష.

ఉంటాయి. గణపతిరావు ఒప్పుకున్నాడు. క్లూ క్లచ్చులోనే ఉంది గానీ, ఇంకా చేతికి పట్టివ్వడం లేదు.

*

నాలుగూ నలభై ఐదు. లాకప్ ముందు స్టూలు.

"టెంపరేచరు ముల్లు చూసుకోలేదా బంగార్రాజూ?"

"గేజీ సచ్చిపోయి మూడు నెల్లయింది సార్. ముల్లు కదలదు."

"మరి వేడి ఎలా తెలుస్తుంది?"

"ఫ్యాన్ని బట్టి. హోరొస్తే వేడెక్కినట్టు, బండి తీరిగ్గా తోలతాను. హోరు లేదంటే ఇంజను సల్లగా ఉన్నట్టు. ఇయ్యాల హోరే రాలేదు. సల్లగానే ఉందనుకున్నాను. ఎల్లినప్పుడు కాళీ బండి, పొద్దుటి చలిగాలి, ఏటీ కాలేదు. లోడుతో వస్తన్నప్పుడు..." కుడికాలు నేలకేసి నొక్కాడు. "హోరు రావట్లేదు కదాని ఇంకా తొక్కేను సార్."

ఫ్యాన్ మౌనాన్ని నమ్మి మనిషి మోసపోయాడు. ఈ గేజీ సంగతి తెలియనివాడికి ఈ చావు అర్థం కాదు.

"ఆ గేజీ మాట ఎవరితోనూ అనకు. నాకు వదిలెయ్. మరి పొద్దున్న స్టార్ట్ కొట్టినప్పటి హోరు?"

"వినబడలేదు."

"వినబడలేదా, రాలేదా?"

"ఏటో తెల్దు సార్. స్టార్ట్ కొట్టగానే ఓనరు బాబు తిట్టుడు మొదలెట్టేడు. మా అమ్మనీ ఆలినీ కలిపి. ఆ హోరులో ఈ హోరేటి వినబడతాది?"

"రోజూ తిడతాడా?"

"పొద్దున్నే అంత పెందలాడే ఎప్పుడూ రాడు సార్. ఇయ్యాలే వచ్చేడు."

సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర గొడవ. బంగార్రాజు భార్య అప్పలనరసమ్మ సెంట్రీని తోసుకుని వచ్చేసింది. చేతిలో అద్దం పగిలిన ఫోను.

"నా మొగుడు బండిని సంపేడా? కన్నకూతురికి పెట్టనన్ని దణ్ణాలు ఆ బండికి పెడతాడు! సూడండి, మీ కళ్లతో మీరే సూడండి!"

ఫోన్లో బంగార్రాజు స్టేటస్. ఆ రోజు పొద్దున్న ఆరూ నలభై ఒకటి. లారీ ముందు జాలీలో గుచ్చిన అగరువత్తి. రోజూ బండి స్టార్ట్ చేసి, అగరువత్తి గుచ్చి, ఇరవై సెకన్ల వీడియో తీసి స్టేటస్ పెట్టడం అతని అలవాటు. దేవుడికి దణ్ణం, చుట్టాలకి శుభోదయం, రెండూ ఒకే వత్తితో.

"దణ్ణం పెట్టిన బండిని ఎవడన్నా సంపుకుంటాడా మేడమ్?"

"అది భక్తి అమ్మా. ఎవిడెన్స్ కాదు" అంది ప్రత్యూష మెత్తగా.

గణపతిరావు ఫోను తీసుకున్నాడు. ఒకసారి చూశాడు. రెండోసారి చూశాడు. మూడోసారి శబ్దం పెంచి చూశాడు. ఇంజను గుర్రుగుర్రుమంటోంది. దాని మీద గోవిందరావు తిట్లు. తెర మీద అగరువత్తి, దాని పొగ.

"మేడమ్, బంగార్రాజు ఫోను మన దగ్గరే ఉందిగా?"

బీరువాలోంచి ఫోను తీశారు. అందులో నలభై మూడు వీడియోలు. నలభై మూడు ఉదయాలు, నలభై మూడు అగరువత్తులు. గణపతిరావు ఒక్కొక్కటే చూశాడు. టీ చల్లారిపోయింది. ఆయన టీ చల్లారనివ్వడం స్టేషన్లో ఎవరూ చూడలేదు.

చివరికి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు పొద్దున్న ఆరూ నలభైకి అందర్నీ యార్డుకి రప్పించండి మేడమ్. నాకో అగరువత్తుల కట్ట చాలు."

"పూజా?"

"పోస్టుమార్టం."

*

అదే సాయంత్రం ఆరూ ఐదు. వెలుతురు పోకముందే యార్డు చూడాలన్నాడు గణపతిరావు. బావ దగ్గర తాళం తీసుకుని సంతోష్‌కుమార్ వచ్చాడు. ముప్పై ఏళ్లు, నల్ల కళ్లద్దాలు, చెవి దగ్గర ఫోను.

"నిన్న రాత్రి ఎక్కడున్నావు బాబూ?"

"వైజాగ్‌లో. వకీలు గారి దగ్గిర. బుధవారం కేసుంది కదా. ఇయ్యాల పదకొండుకి దిగేను. అడగండి ఆయన్ని."

గణపతిరావు అక్కడే ఫోన్లో అడిగాడు. నిజమే.

లారీ నిలబెట్టే చోట చెరకాకు పరిచి ఉంది. యార్డంతా నల్లటి డీజిలు మరకలే గానీ, ఆకు పరిచింది మాత్రం ఆ ఒక్క చోటే. సంతోష్ ఫోను మాటల్లో ఉండగా గణపతిరావు బూటుతో ఆకు పక్కకి నెట్టాడు. కింద తళతళలాడే జిడ్డు. నలుపు కాదు, రంగే లేదు. సీసాలో నీళ్లు కాసిని పోశాడు. నీళ్లు ఇంకలేదు, పరుచుకోలేదు. పూసల్లా చీలి నలువైపులా పరిగెత్తాయి.

ఆ జిడ్డులో అతుక్కుని సన్నటి వెండిరంగు లోహపు రజను.

గణపతిరావు దాన్ని కాగితంలోకి ఎత్తి మడిచాడు. ఆకు మళ్లీ యథాస్థానంలో పరిచాడు.

*

శనివారం. ఆరూ ముప్పై ఎనిమిది. యార్డు.

చలి. గాలి లేదు. గోవిందరావు తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర. పక్కనే సంతోష్. బేడీలతో బంగార్రాజు. ఫ్లాస్కులో మొగుడికి టీ పట్టుకుని అప్పలనరసమ్మ. ఉమామహేష్. ప్రత్యూష వాచీ చూసుకుంటోంది.

గోవిందరావు రెండో లారీ రాత్రంతా అక్కడే నిలబడి ఉంది. గణపతిరావు దాని జాలీలో అగరువత్తి గుచ్చి వెలిగించాడు. పొగ నిటారుగా లేచింది.

"స్టార్ట్."

ఉమామహేష్ సెల్ఫ్ కొట్టాడు. ఇంజను అందుకుంది. వెంటనే హోరు. యార్డు గోడలు దద్దరిల్లాయి. అగరువత్తి పొగ మెడ విరిచినట్టు వంగి, జాలీలోకి జర్రున దూరిపోయింది. ఒక్క పోగు పైకి లేవలేదు.

ఒక నిమిషం. హోరు తగ్గింది. అప్పుడు కూడా పొగ లోపలికే వంగి ఉంది.

"ఆపెయ్. గోవిందరావు గారూ, విమానం హోరంటే ఇదేనా?"

"ఇదే! నిన్న కూడా ఇలాగే—"

"బండి ముందు నిలబడి విన్నారు?"

"విన్నాను. సంతకం కూడా పెట్టేను!"

"పెట్టారు. కింద గీత కూడా గీశారు." గణపతిరావు బంగార్రాజు ఫోను తీశాడు. "ఇవి నలభై మూడు పొద్దులు. నలభై రెండింట్లో పొగ జాలీలోకే పోయింది. గురువారం కూడా. ఇదిగో శుక్రవారం. ఆరూ నలభై ఒకటి."

అందరూ వంగి చూశారు.

ఇంజను నడుస్తోంది. అగరువత్తి వెలుగుతోంది. పొగ నిటారుగా పైకి లేస్తోంది. గుడి ధ్వజస్తంభంలా.

"ఫ్యాన్ తిరిగితే ఈ పొగ ఇలా లేవదు. యార్డు దాటకముందే ఆ క్లచ్చు చచ్చిపోయింది. చేను దాకా పోనక్కర్లేదు. వినపడని హోరుని మీరు విన్నారు. బంగార్రాజు వినకుండా ఉండాలని మీరే ఇంకో హోరు పెట్టారు." గణపతిరావు శబ్దం పెంచాడు. గోవిందరావు తిట్లు యార్డంతా మోగాయి. అప్పలనరసమ్మ పళ్లు కొరికింది.

"అయితే రాత్రే వీడు గోడ దూకొచ్చి చేసుంటాడు!"

గణపతిరావు చెరకాకు పక్కకి లాగాడు. జిడ్డు చూపించాడు. కాగితం విప్పాడు. "క్లచ్చు రంధ్రంలోంచి రాలిన రజను. డ్రిల్లు ఆడింది ఇక్కడే. గోడ దూకినవాడు పని చేసుకుని పారిపోతాడు గానీ, ఆకులేసి అలంకరించి పోడు. తాళం ఎవరి దగ్గర?"

గోవిందరావు బావమరిది వైపు చూశాడు.

సంతోష్ రెండడుగులు దూరం జరిగాడు. "నాకేటి సంబంధం లేదు సార్. తాళాలు బావ దగ్గిరే. నాను వైజాగ్‌లో ఉన్నాను."

ఎవడి కోసం పగబట్టాడో వాడే పక్కకి తప్పుకున్నాడు. గోవిందరావు అతని వైపు ఒక అడుగు వేశాడు.

"సరే, సరే. పొద్దున్నే ఇంత వేడి వద్దు" అన్నాడు గణపతిరావు. "అమ్మా, ఆ టీ ఒక చుక్క ఇలా పొయ్యి." కాగితం కప్పు అందుకుని తిరిగాడు. పొట్ట గోవిందరావుకి తగిలింది. టీ మొత్తం అతని భుజం మీద పడింది.

"అయ్యయ్యో!"

తువ్వాలు ఒక సగం గోధుమరంగు తాగేసింది. రెండో సగం మీద టీ నిలవలేదు. గుండ్రటి పూసలై దొర్లి కింద రాలింది.

"నెల్లాళ్లయింది ఇంజను మీద చెయ్యేసి అన్నారు" గణపతిరావు గొంతు మొదటిసారి నెమ్మదించింది. "ఎన్నిసార్లు ఉతికించారు?"

"రెండు..." అనేసి నాలిక కరుచుకున్నాడు.

"సబ్బుకి లొంగదండీ అది. మీరు కూడా దేనికీ లొంగలేదు. క్లీనరుగా చేతులు తుడుచుకున్న అలవాటు. ఓనరయినా పోలేదు."

గోవిందరావు బద్దలయ్యాడు. బంగార్రాజు మీదికి ఉరికాడు. కానిస్టేబుల్ పట్టుకున్నాడు.

"నా ఉప్పు తిన్నాడు వీడు! ఇరవై రెండేళ్లు! ఒక్క మాట, ఒకే ఒక్క మాట నానే తోలేనని సెప్పమన్నాను. సెప్పలేదు. నా ఇంటి మనిషిని బజార్లో నిలబెట్టేడు. తీసెయ్యమన్నారంతా. తీసెయ్యలేదు! నా కళ్లముందే పడుండాలి. నా కాళ్లతోనే తొక్కాలి. దొంగని అనిపించుకుని, బేడీల్తో కోర్టుకెళ్లాలి. అప్పుడు సెప్పమనండి సాక్ష్యం!"

"దానికోసం ఇంజనే చంపుకున్నావా?" అంది ప్రత్యూష.

"నానెందుకు సంపుకుంటాను? అదే నా బతుకు!" గోవిందరావు పెనుగులాడాడు. "వేడెక్కి ఆగుతాది, అంతే. ఆవిరి వస్తాది, నలుగురు సూస్తారు, కేసు పెడతాను. క్లచ్చుతో పోయేది. ముల్లు ఎర్రగీత దాటగానే ఏ డ్రైవరైనా ఆపుతాడు. ఈ గుడ్డోడు ముల్లు సూసుకోలేదు!"

బంగార్రాజు తల ఎత్తాడు.

"ఏ ముల్లు బాబూ?"

బంగార్రాజు ఒక అడుగు ముందుకి వేశాడు.

"మూడు నెల్లయింది ముల్లు సచ్చి. వారం వారం అడిగేను. ఉమామహేష్ కూడా సెప్పేడు. 'గేజీ ఎందుకురా, ఫ్యాన్ హోరు వినుకో' అన్నారు. ఈ యార్డులోనే. ఇక్కడే నిలబడి. అదే వినుకుంటూ వచ్చేను."

రెండో లారీ ఇంజను టిక్కుటిక్కుమని చల్లారుతోంది. గోవిందరావు కిందికి జారాడు. సరిగ్గా ఆ జిడ్డు మీదే కూర్చున్నాడు. ఎవరూ లేవదియ్యలేదు.

ప్రత్యూష బేడీల తాళంచెవి తీసి గణపతిరావు చేతికిచ్చింది. గణపతిరావు బేడీల్ని బంగార్రాజు చేతుల నుంచి గోవిందరావు చేతులకి మార్చాడు.

*

ఎనిమిదిన్నర. స్టేషను.

"బంగార్రాజూ, తప్పుడు కేసులో ఇరికించాడని నువ్వు కంప్లైంటు ఇవ్వొచ్చు. కాళ్లమీద పడతానంటున్నాడు. రాజీకొస్తావా?" అడిగింది ప్రత్యూష.

"నన్ను కొట్టేడు, ఊరుకున్నాను. తిట్టేడు, ఊరుకున్నాను." బంగార్రాజు చూపుడు వేలుతో కాగితం చూపించాడు. "రాయండి మేడమ్. ఒక్క అక్షరం కూడా వదలొద్దు. నెమ్మదిగా సెప్తాను."

గంట సేపు చెప్పాడు. సంతకం పెట్టాడు. అతను కూడా కింద గీత గీశాడు.

తర్వాత స్టేషను వెనక్కి వెళ్లాడు. లాకప్ కిటికీకి ఎదురుగా చచ్చిన లారీ. లోపల చువ్వలు పట్టుకుని గోవిందరావు. భుజం మీద తువ్వాలు లేదు. అది ఇప్పుడు సీలేసిన కవర్లో ఉంది.

"ఒరే బంగార్రాజూ... ఇరవై రెండేళ్లురా..."

బంగార్రాజు తిరగలేదు. గణపతిరావు దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకున్నాడు. జాలీలో అగరువత్తి గుచ్చి వెలిగించాడు. చెయ్యి జాలీ మీద వేసి కాసేపు నిలబడ్డాడు. అప్పుడు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బుధవారం గున్నమ్మ కాలు కోసం బోనెక్కుతాను బాబూ. ఆ తర్వాత ఈ బండి కోసం ఇంకోసారెక్కుతాను. రెండుసార్లూ మీరు ఎదురుగా ఉండాల. రెండుసార్లూ నిజమే సెప్తాను."

గోవిందరావు ఏదో అనబోయాడు. బంగార్రాజు చెయ్యి ఎత్తి ఆపాడు. అగరువత్తి వైపు చూపించాడు.

"మాటాడకండి. ఇయ్యాల తిట్టేవోళ్లెవరూ లేరు. హోరు వినుకోండి."

గాలి లేదు. చప్పుడు లేదు. చువ్వల మధ్యనుంచి చూస్తున్న గోవిందరావు కళ్ల ముందు పొగ సన్నగా, తిన్నగా, నిటారుగా లేస్తూనే ఉంది.